కోడింగ్ రాకుండా వర్డ్‌ప్రెస్ సైటు నడిపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బడి, గ్రంథాలయం, సాహిత్య పత్రిక, కాలనీ సంఘం, విదేశాల్లోని తెలుగు సంఘం... ఇలాంటి చోట్ల వెబ్‌సైటు పని కోడింగ్‌తో ఏ సంబంధమూ లేని ఒకరిద్దరి మీద పడుతుంది. ఆఫీసు క్లర్కు, తెలుగు టీచరు, సంఘం కార్యదర్శి. కట్టినవాళ్ళు సైటు అప్పగించి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఫోన్ నంబరు మార్చాలన్నా వాళ్ళకే ఫోన్ చేయాల్సి వస్తుంది. అలాంటి ఫోన్లలో, శిక్షణ తరగతుల్లో పదేపదే వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు రాశాం. ఉదాహరణలన్నీ వర్డ్‌ప్రెస్ అనే, వెబ్‌సైటు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్‌వి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి, మీదీ అదే అయ్యే అవకాశం ఎక్కువ. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## సైటు కట్టించుకునే ముందు

"సైట్లో ప్రతిదీ మీరే మార్చుకోవచ్చు" అంటున్నారు. మనకు కావాల్సింది అదే కదా?

కాదు. మీకు కావాల్సింది మాటలు, ఫొటోలు, తేదీలు, పీడీఎఫ్‌లు ఎవరినీ అడగకుండా మార్చుకునే వీలు. రంగులు, అక్షరాల సైజు, పేజీ అమరిక కూడా అందరికీ తెరిచి పెడితే ఏడాది తిరిగేసరికి ఒక్కో పేజీ ఒక్కో తీరున తయారవుతుంది. ఒకరు ఎర్ర హెడ్డింగులు పెడతారు, ఇంకొకరు అంతా మధ్యకు జరుపుతారు. అప్పుడు రాసేవాళ్ళకు కూడా టెన్షనే. ఒక నోటీసు పెట్టాలంటే ముందు డిజైన్ గురించి ఆలోచించాలి. అమరిక స్థిరంగా ఉండి, రాత స్వేచ్ఛగా ఉన్న సైటునే మామూలు మనుషులు ధైర్యంగా నడపగలరు. డెవలపర్‌ను ఇదే మాట అడగండి.

డెవలపర్‌తో మాట్లాడేటప్పుడు ఖచ్చితంగా ఏమేం అడగాలి?

ముందు మీ నోటీసు బోర్డు, వాట్సాప్ గ్రూపు తిరగేసి పోయిన ఏడాదిలో మారినవన్నీ ఒక కాగితం మీద రాయండి: ఫీజుల పట్టిక, కమిటీ సభ్యులు, సెలవులు, కార్యక్రమాలు, ఫోన్ నంబర్లు. ప్రతి దాని పక్కన ఎవరు మారుస్తారో, ఎన్నాళ్ళకోసారో రాయండి. ఆ కాగితమే మీ అసలు అవసరాల పత్రం. డెమో రోజున అందులో ఒక్కో మార్పూ చేయించి చూడండి. అయితే మౌస్ పట్టుకోవాల్సింది డెవలపర్ కాదు, రేపు ఆ పని చేయబోయే మనిషి. ఆ మనిషి ఆగిపోయిన ప్రతిచోటా సైటులో సరిచేయాల్సింది ఉందన్నమాట. డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటు ఫైళ్ళు ఉండే అద్దె చోటు) రెండూ మీ సంస్థ పేరు మీదే కొనాలని, ఒక అడ్మిన్ లాగిన్ సంస్థ ఈమెయిల్‌తో ఉండాలని కూడా ఒప్పందంలోనే రాయించండి.

పేజ్ బిల్డర్ వేయించుకోవాలా, వర్డ్‌ప్రెస్‌తో వచ్చే బ్లాక్ ఎడిటర్ సరిపోతుందా?

చిన్న సంస్థలకు బ్లాక్ ఎడిటర్ (పేరా, ఫొటో, పట్టిక ఒక్కోటీ ఒక్కో బ్లాకుగా పెట్టి రాసే చోటు) సరిపోతుంది. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో అది వచ్చినప్పుడు చాలామంది విసుక్కున్నారు, అప్పటికి దానితో చేయగలిగింది తక్కువే. ఇప్పుడు కాలమ్స్, పట్టికలు, గ్యాలరీలు, బటన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎలిమెంటర్ లాంటి బిల్డర్లలో పేజీ కంటికి కనిపించినట్టే లాగి పెట్టుకోవచ్చు, మొదట్లో అది హాయిగానే ఉంటుంది. చిక్కల్లా తర్వాతే. బిల్డర్ తీసేసిన రోజున అమరిక పోతుంది. కొన్ని బిల్డర్లయితే రాత మధ్యలో చదరపు బ్రాకెట్ల గుర్తులు వదిలిపోతాయి. వందల వ్యాసాలున్న పత్రిక ఆ పరిస్థితిలో పడితే శుభ్రం చేయడానికి నెలలు పడుతుంది. ఒకట్రెండు ప్రచార పేజీలకు బిల్డర్ వాడినా పర్వాలేదు, వ్యాసాలకు మాత్రం వద్దు.

విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటి రెడీమేడ్ సైటు సేవలు ఇంకా సులువంటారు. అవి తీసుకోవచ్చా?

ఐదారు పేజీల సైటు, ఒక్కరే నడిపేది అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. అప్‌డేట్లు, భద్రత వాళ్ళే చూసుకుంటారు. కానీ ఆ సైటును డిజైన్‌తో సహా ఎత్తి ఇంకోచోట పెట్టుకోలేరు. వేరే చోటికి మారాలంటే చాలావరకు మళ్ళీ కట్టుకోవాల్సిందే.

డెవలపర్ 'హెడ్‌లెస్' అంటున్నాడు. మా పని సులువవుతుందా?

హెడ్‌లెస్ అంటే రాసే చోటు వేరు, జనం చూసే సైటు వేరు. కాంటెంట్‌ఫుల్, స్ట్రాపీ లాంటివి ఈ కోవలోవి. ఒకే సమాచారం సైటుకీ, మొబైల్ యాప్‌కీ, ఇంకో తెరకీ వెళ్ళాల్సిన పెద్ద సంస్థలకు ఇది మంచి ఏర్పాటు. మీ సైటు ఒక్కటే అయితే ఖర్చు పెరుగుతుంది. ప్రచురించకముందు పేజీ ఎలా ఉంటుందో చూసుకునే ఏర్పాటు కూడా విడిగా చేయించుకోవాలి, డెవలపర్ మీద ఆధారపడటం ఇంకా ఎక్కువవుతుంది.

టీచర్ల జాబితా, కార్యక్రమాల జాబితా పేజీలో టైప్ చేసేస్తే పోదా? దానికి వేరే ఏర్పాటు ఎందుకు?

పదిమంది ఉంటే టైప్ చేసేయండి. యాభైమంది ఉండి ఏటా మారుతుంటే మాత్రం ఆ పేజీ మీ పాలిట శాపమవుతుంది. ఒక టీచరు బదిలీ అయితే ఆ ఒక్క కాలమ్ తీసేయాలి, మిగిలినవాళ్ళను జరపాలి, ఫొటోల సైజులు మళ్ళీ సరిచూడాలి. అదే పేరు మూడు పేజీల్లో ఉంటే మూడుచోట్లా మార్చాలి.

దీనికి కస్టమ్ పోస్ట్ టైప్, కస్టమ్ ఫీల్డ్స్ అని రెండు ఏర్పాట్లు ఉన్నాయి. డెవలపర్ వాటిని ఒకసారి అమర్చి ఇస్తే, టీచరు పేరు, సబ్జెక్టు, చదువు, ఫొటో అని గళ్ళు వస్తాయి. దరఖాస్తు ఫారం నింపినట్టు మీరు ఆ గళ్ళు నింపితే చాలు, ఎక్కడ ఏ సైజులో కనిపించాలో సైటే చూసుకుంటుంది. కార్యక్రమాలకైతే తేదీ ఒక గడిలో విడిగా ఉంటుంది కాబట్టి అయిపోయినవి వాటంతటవే కిందికి వెళ్ళేలా కూడా చేయించుకోవచ్చు. చూడ్డానికి ఇందులో స్వేచ్ఛ తగ్గినట్టుంటుంది, నిజానికి కోడింగ్ రానివాళ్ళకు దీనికి మించిన స్వేచ్ఛ లేదు. పట్టుబట్టి చేయించుకోండి.

## సైటు చేతికి వచ్చాక

నాకు ఏ రోల్ ఇమ్మని అడగాలి?

రోల్ అంటే సైటులో ఎవరేం చేయొచ్చో చెప్పే హోదా. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ఐదు రోల్స్ ఉంటాయి. సబ్‌స్క్రైబర్ తన ప్రొఫైల్ తప్ప ఏమీ మార్చలేరు. కంట్రిబ్యూటర్ రాయగలరు, కానీ ప్రచురించలేరు, ఫొటోలు ఎక్కించలేరు. అథర్ తన పోస్టులు తానే ప్రచురించుకోగలరు, ఫొటోలు ఎక్కించగలరు, కానీ పేజీలు ముట్టుకోలేరు. ఎడిటర్ ఎవరి పోస్టునైనా, ఏ పేజీనైనా దిద్దగలరు. అడ్మినిస్ట్రేటర్ చేతిలో థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించేది), ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు), యూజర్లు సహా అన్నీ ఉంటాయి. రోజువారీ పని చూసేవారికి ఎడిటర్ సరైనది. అడ్మిన్ లాగిన్ సంస్థ దగ్గర ఉండాలి కానీ రోజూ దానితో పని చేయకండి. ఒకే లాగిన్‌ను నలుగురూ పంచుకోవడం అసలే వద్దు, ఎవరేం మార్చారో తర్వాత తెలియదు.

పోస్టుకీ పేజీకీ తేడా ఏమిటి?

తేదీతో సంబంధం ఉన్నది పోస్టు: వార్త, వ్యాసం, ప్రకటన. ఎప్పుడూ ఉండేది పేజీ: మా గురించి, చిరునామా, ఫీజులు.

డ్యాష్‌బోర్డు (లాగిన్ అయ్యాక కనిపించే పని తెర) తెలుగులో పెట్టుకోవచ్చా? మిగతావాళ్ళకు ఇంగ్లీషే కావాలట.

పెట్టుకోవచ్చు. 2016లో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి ఎవరి భాష వాళ్ళు ఎంచుకోవచ్చు. మీ ప్రొఫైల్‌లో భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే మీకు మాత్రమే మారుతుంది. అక్కడ తెలుగు కనిపించకపోతే అడ్మిన్ ఒకసారి ఆ భాషను చేర్చాలి. ఒక సూచన: ఫోన్లో ఎవరినైనా సాయం అడిగేటప్పుడు మాత్రం ఇంగ్లీషుకు మార్చుకోండి, అవతలివాళ్ళు చెప్పే బటన్ పేర్లు అప్పుడే దొరుకుతాయి.

ఏదో నొక్కితే సైటంతా పోతుందేమోనని భయం. నిజంగా పోతుందా?

ఎడిటర్ రోల్‌లో ఉండి థీమ్‌ను గానీ ప్లగిన్లను గానీ పాడుచేయలేరు, ఆ చోట్లు మీకు తెరుచుకోవు. చెడిపోతే మీరు ముట్టుకున్న పేజీ చెడిపోవచ్చు, దాని పాత రూపం వర్డ్‌ప్రెస్ దాచే ఉంచుతుంది. ట్రాష్‌లోకి వెళ్ళిన పోస్టు కూడా 30 రోజులు అక్కడే ఉంటుంది. ఇంకా భయంగా ఉంటే 'నమూనా' అని ఒక పేజీ తెరిచి, డ్రాఫ్ట్‌లోనే ఉంచి, అందులో మీ ఇష్టమొచ్చినట్టు ప్రయోగాలు చేయండి. ఎంత పెద్దవాళ్ళయినా, కంప్యూటర్ ఎంత కొత్తయినా, చెడగొట్టి సరిచేసుకుంటేనే చేయి తిరుగుతుంది.

మెనూలో ఒక పేరు మార్చాలి. నాకు ఆ చోటే కనిపించడం లేదు.

మెనూ, హెడర్, ఫుటర్ అడ్మిన్ పరిధిలోనివి, ఎడిటర్ రోల్‌కు కనిపించవు. అందుకోసం అడ్మిన్ రోల్ అడగకండి. మెనూ ఒక్కటే మార్చే హక్కు మీ రోల్‌కు చేర్చమనండి, డెవలపర్‌కు అది చిన్న పని. కొత్త తరహా బ్లాక్ థీమ్‌లలో మాత్రం మెనూ ఉండేది సైట్ ఎడిటర్‌లో. ఆ హక్కు ఇస్తే టెంప్లేట్లు కూడా తెరుచుకుంటాయి కాబట్టి, మెనూ మార్పులు అడ్మిన్ దగ్గరే ఉంచడం మేలు.

## రోజూ రాసేటప్పుడు

పేజ్‌మేకర్‌లో టైప్ చేసిన వ్యాసం పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

అను ఫాంట్లతో టైప్ చేసిన రాత పైకి తెలుగులా కనిపించినా కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఆ ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చి అప్పుడు పేస్ట్ చేయండి. మార్చాక ఒకసారి ప్రూఫ్ చూడటం తప్పనిసరి, వత్తులు, సున్నాలు, కొమ్ముల దగ్గర తేడాలు వస్తాయి. కొందరు ఈ బాధ పడలేక పేజీ మొత్తాన్ని ఫొటోగా పెడుతున్నారు. అలా పెట్టిన వ్యాసం గూగుల్‌లో వెతికినా దొరకదు. పాత సంచికలు నలుగురికీ చేరాలంటే యూనికోడ్ ఒక్కటే దారి.

హెడ్డింగుల్లో వత్తులు తెగిపోతున్నాయి, పై గుడులు కలిసిపోతున్నాయి.

చాలా థీమ్‌లు ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసి చేసినవి. హెడ్డింగు వరుసల మధ్య దూరం 1.1, 1.2 ఉంటుంది. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటలకు ఆ చోటు చాలదు. డెవలపర్‌తో చెప్పి లైన్ హైట్ 1.5 దాకా, వ్యాసంలోనైతే 1.7 దాకా పెంచమనండి. అక్షరాల మధ్య దూరం తగ్గించే సెట్టింగు ఉంటే తీసేయమనండి. దీన్ని ప్రతి పోస్టులో మీరు సర్దుకోకూడదు, థీమ్‌లో ఒక్కసారి సరిచేస్తే అన్నిచోట్లా సరవుతుంది.

బోల్డ్ పెడితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

ఆ ఫాంట్‌లో బోల్డ్ రూపం లేదన్నమాట. మండలి, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఒకే మందంలో వస్తాయి, బోల్డ్ అడిగితే బ్రౌజరే లావు చేసి చూపిస్తుంది. నోటో సాన్స్ తెలుగులో చాలా మందాలు ఉన్నాయి, దానికి మార్పించుకోండి. ఇటాలిక్ అయితే తెలుగులో వాడకపోవడమే మంచిది. అక్షరం పక్కకు ఒరిగి చదవడానికి ఇబ్బందవుతుంది. పుస్తకాల పేర్లకు కొటేషన్ గుర్తులు చాలు.

తెలుగు శీర్షిక పెట్టిన పోస్టు లింకు వాట్సాప్‌లో శాతం గుర్తులతో బారెడు పొడుగు వస్తోంది.

లింకులో తెలుగు అక్షరం నేరుగా వెళ్ళదు, ఒక్కో గుర్తు 9 ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. వర్డ్‌ప్రెస్ లింకుకు ఇచ్చే చోటు 200 గుర్తులు, అంటే తెలుగులో 22 దగ్గర ఆగిపోతుంది. 'కృష్ణ' అన్న మాటకే ఐదు పోతాయి. ఇక పొడవైన శీర్షిక మధ్యలో తెగకుండా ఎలా ఉంటుంది? ప్రచురించే ముందే కుడిపక్క స్లగ్ (లింకు చివరి భాగం) దగ్గర మూడు నాలుగు చిన్న ఇంగ్లీషు మాటలు పెట్టండి. శీర్షిక తెలుగులోనే ఉంటుంది. ప్రచురించాక స్లగ్ మారిస్తే, పోస్టుల విషయంలో పాత లింకు కొత్తదానికి మళ్ళుతుంది. పేజీలకు మాత్రం ఆ ఏర్పాటు లేదు, రీడైరెక్ట్ విడిగా పెట్టించాలి.

కార్యక్రమం పోస్టర్ ఫొటో పెట్టేస్తే చాలదా? మళ్ళీ టైప్ చేయడం ఎందుకు?

చాలదు. మన సైట్లలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అలవాటు ఇదే. పోస్టర్‌లోని తేదీ, వేదిక, ఫోన్ నంబరు ఫొటోలో భాగాలు. ఫోన్లో చూసేవాళ్ళు వేళ్ళతో పెద్దది చేసుకుని చదవాలి, నంబరు నొక్కితే కాల్ వెళ్ళదు, వెతికితే దొరకదు. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కు అక్కడ ఒక బొమ్మ ఉందని తప్ప ఏమీ తెలియదు. వేదిక మారిందంటే పోస్టర్ చేసిన అబ్బాయి కోసం ఎదురుచూడాలి. అంటే మీ సైటును మీరే మార్చలేని స్థితికి తెచ్చుకున్నట్టు.

పోస్టర్ పెట్టండి, తప్పులేదు. దాని కింద ఐదు వరుసలు టైప్ చేయండి: ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు వస్తున్నారు, ఎవరికి ఫోన్ చేయాలి. ఫొటో ఆల్ట్ టెక్స్ట్‌లో (స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణ) ఒక్క వాక్యం రాయండి. చాలామంది పోస్టర్ వైపు వెళ్ళడానికి కారణం, టైప్ చేసింది పేలవంగా కనిపించడమే. కాబట్టి కార్యక్రమాల కోసం అందమైన ప్యాటర్న్ (ముందే అమర్చిపెట్టిన బ్లాకుల గుంపు) ఒకటి తయారుచేసి ఇమ్మని డెవలపర్‌ను అడగండి. అందులో మాటలు మారిస్తే చాలు, పోస్టర్‌కు తీసిపోకుండా ఉంటుంది.

కొత్త ఫీజుల పీడీఎఫ్ ఎక్కించాను. లింకు నొక్కితే పాతదే వస్తోంది.

అదే పేరుతో ఎక్కించినా వర్డ్‌ప్రెస్ పాతదాన్ని తీసేయదు, కొత్తదాని పేరు చివర '-1' చేర్చి పక్కన పెడుతుంది. పేజీలోని లింకు ఇంకా పాతదానికే ఉంది, దాన్ని మార్చాలి. తరచూ మారే పీడీఎఫ్‌లు ఉంటే ఫైలును అదే చిరునామాలో మార్చే ప్లగిన్ ఒకటి వేయించుకోండి. అసలు ఫీజుల పట్టిక పేజీలోనే పెడితే ఈ బాధే ఉండదు.

ఉదయం 6కి రావాలని షెడ్యూల్ చేస్తే 11:30కి వచ్చింది.

సైటు సమయం ఇంకా యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. జనరల్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతాకు మార్చమని అడ్మిన్‌ను అడగండి. ఐదు పది నిమిషాల ఆలస్యమైతే కారణం వేరు. సైటుకు ఎవరైనా వచ్చినప్పుడే వర్డ్‌ప్రెస్ తన షెడ్యూల్ చూసుకుంటుంది.

మా ఆఫీసు నంబరు పదిహేను పేజీల్లో ఉంది. మారిన ప్రతిసారీ అన్నీ తెరవాలా?

నంబరు, చిరునామా ఉన్న బ్లాకులను కలిపి ఒక సింక్డ్ ప్యాటర్న్‌గా చేసి అన్ని పేజీల్లో దాన్నే పెట్టండి. ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది. 2023 ఆగస్టులో వచ్చిన 6.3కు ముందు దీన్నే రీయూజబుల్ బ్లాక్ అనేవారు, పాత వీడియోల్లో ఆ పేరే వినిపిస్తుంది.

## నలుగురు కలిసి పనిచేసేటప్పుడు

వాలంటీర్లు రాస్తారు, కానీ అమరిక చెదిరిపోతోంది. ఆపేదెలా?

బ్లాకు మీది మూడు చుక్కలు నొక్కితే 'లాక్' కనిపిస్తుంది. జరపకుండా, తీసేయకుండా తాళం వేయొచ్చు, లోపలి మాటలు మాత్రం మార్చుకోవచ్చు. అయితే ఆ తాళం ఎవరైనా తీయగలరు, తీసే వీలు అడ్మిన్‌కు మాత్రమే ఉండేలా డెవలపర్ చేయాలి. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే 'కంటెంట్ ఓన్లీ' లాక్ అడగండి, అప్పుడు రాసేవాళ్ళకు రాత, ఫొటో తప్ప రంగులు, సైజులు కనిపించనే కనిపించవు. కొత్త వాలంటీర్లకు ఇది ఎంత ఊరటనో వాళ్ళ మొహాల్లోనే తెలుస్తుంది.

ఇద్దరం ఒకే పోస్టు తెరిస్తే ఏమవుతుంది?

రెండో మనిషికి ఫలానావారు దిద్దుతున్నారని హెచ్చరిక వస్తుంది. 'టేక్ ఓవర్' నొక్కితే మొదటివారి చేతిలోంచి పోస్టు వెళ్ళిపోతుంది. నొక్కేముందు వాళ్ళకొక ఫోన్ చేయండి.

## తేడా వచ్చినప్పుడు

నిన్న బాగున్న పేజీ ఈరోజు చెడిపోయింది. వెనక్కి తేగలమా?

తేగలం. పేజీ తెరిచి కుడిపక్క రివిజన్స్ నొక్కండి. తేదీ, మార్చినవారి పేరుతో పాత రూపాలు వరుసగా కనిపిస్తాయి. కావలసినది ఎంచుకుని రిస్టోర్ చేయండి. ఇది శీర్షికకు, రాతకు పనిచేస్తుంది. ముఖచిత్రంగా పెట్టే ఫీచర్డ్ ఇమేజ్, చాలా సైట్లలో కస్టమ్ ఫీల్డ్స్ ఇందులోకి రావు, వాటికి బ్యాకప్పే గతి.

మీడియా లైబ్రరీలో ఫొటో డిలీట్ చేశాను. ట్రాష్‌లో లేదే?

పోస్టుల్లా ఫొటోలు ట్రాష్‌లోకి వెళ్ళవు, నేరుగా పోతాయి. బ్యాకప్ నుంచి తీసుకోవాలి, లేదా మళ్ళీ ఎక్కించి ఆ పేజీల్లో పెట్టుకోవాలి. 'అనవసరం' అనిపించిన ఫొటో ఏదో పాత వ్యాసంలో ఉండొచ్చు. చోటు చాలకపోతే తప్ప లైబ్రరీని శుభ్రం చేయకండి.

మార్చి సేవ్ చేశాను. నాకు కనిపిస్తోంది, మిగతావాళ్ళకు పాతదే కనిపిస్తోంది.

లాగిన్ అయినవాళ్ళకు సైటు తాజా పేజీ చూపిస్తుంది, మిగతావాళ్ళకు దాచిపెట్టిన నకలు, అంటే కాష్, చూపిస్తుంది. పైన పట్టీలో కాష్ క్లియర్ బటన్ ఉంటే నొక్కండి. అది ఎడిటర్ రోల్‌కు కూడా కనిపించేలా చేయించుకోండి, లేకపోతే అత్యవసర ప్రకటన పెట్టిన రోజున ఇబ్బంది పడతారు.

సైటు కట్టినాయన ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడేం చేయాలి?

చేతిలో అడ్మిన్ లాగిన్ ఉంటే ఈరోజే మూడు పనులు చేయండి. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి రాత మొత్తం ఫైలుగా దించుకోండి. ఫొటోలు అందులో రావు, వాటిని హోస్టింగ్ ప్యానెల్ నుంచి 'అప్‌లోడ్స్' ఫోల్డరుగా దించుకోవాలి. తర్వాత డొమైన్ ఎవరి పేరు మీద ఉందో, గడువు ఎప్పుడో కనుక్కోండి.

అడ్మిన్ లాగిన్ లేకపోయినా హోస్టింగ్ మీ పేరు మీద ఉంటే కంగారు లేదు, ఇంకో డెవలపర్ అక్కడి నుంచి డేటాబేస్‌లోకి వెళ్ళి కొత్త అడ్మిన్‌ను చేర్చగలరు. హోస్టింగ్, డొమైన్ రెండూ ఆయన పేరు మీదే ఉంటే మాత్రం మర్యాదగా, రాతపూర్వకంగా బదిలీ అడగండి. ఈలోగా బయటికి కనిపించే ప్రతి పేజీనీ కాపీ చేసి పెట్టుకోండి, ముందుగా ఇంకెక్కడా ప్రతి లేని వ్యాసాలతో మొదలుపెట్టండి.